చెయ్యి తీశా

దెయ్యాలు రాత్రిపూటే వస్తాయని చెప్పినవాడెవడో గానీ, ఆదివారం మధ్యాహ్నం మెకానిక్ షెడ్డులో పని చేసిన పాపాన పోయినట్టు లేడు. మాకు జరిగింది భోజనాలయ్యాక, మూడు గంటలప్పుడు. బయట పట్టపగలు. ఎదురు మేడ మీద ఒకావిడ దుప్పట్లు దులుపుతోంది. మేం షట్టరు మోకాలెత్తు వరకు దించుకుని లోపల పని చేసుకుంటున్నాం. పూర్తిగా ఎత్తితే పంక్చరనీ, హారన్ మోగట్లేదనీ ఎవరో ఒకరు దూరతారు. పూర్తిగా దించితే ఉడికిపోతాం. అందుకని మోకాలెత్తు. ఆ సందులోంచి నేల మీదకి సన్నటి వెలుగు పట్టీ ఒకటి పడుతోంది. మిగతా షెడ్డంతా మసక చీకటి, పాత ఆయిలు వాసన.

మేం అంటే నేనూ మా వదినా. నేను గేర్‌బాక్సుల మెకానిక్‌ని. షెడ్డు మా అన్నయ్యది. ఆయన పోయి రెండేళ్లయింది. నిద్రలోనే గుండె ఆగిపోయింది. నెల తిరక్కుండానే వదిన ఆయన పాత చొక్కా ఒకటి తొడుక్కుని షెడ్డుకి వచ్చింది. "ఇంట్లో గోడలు లెక్కపెట్టడం అయిపోయింది. నాలుగే ఉన్నాయి. నాకూ ఏదైనా పని చెప్పు" అంది.

రెండు రోజులు కూర్చుని తనే విసుగొచ్చి పోతుందిలే అనుకున్నాను. ఆమె పుట్టింటివాళ్లు గడియారాలు బాగుచేసేవాళ్లన్న సంగతి మర్చిపోయాను. కొలత గేజ్ ముల్లు చదవడంలో ఆమె తర్వాతే ఎవరైనా. నేను కళ్లజోడు తుడుచుకుని, టార్చి వేసుకుని, పదహారా పదిహేడా అని గింజుకుంటుంటే ఆమె ఒక్క చూపు చూసి "పదహారున్నర, తప్పుకో" అంటుంది. దాంతో బండి కింద గుంతలోకి దిగి చేసే పని ఆమెదీ, పైన పని నాదీ అయింది.

ఆ రోజు గుంత మీద ఉన్న కారు ఒక రిటైరైన లెక్కల మేడంది. వాళ్ల నాన్నగారు వాడిన కారట, నాకంటే వయసులో పెద్దది. ఆటోమేటిక్ గేర్లు. అందులో గేర్‌బాక్సు కాలం చేసింది, దానికి సామాన్లు ఎక్కడా దొరకవు. "ఈ ఆటోమేటిక్కు నాకెప్పుడూ నచ్చలేదు. చేత్తో వేసుకునే గేర్లు పెట్టండి. గేరు వేస్తే వేశానని నాకు తెలియాలి" అంది మేడం. అలాంటి మాటలంటే నాకు ప్రాణం. సరేనన్నాను. తుక్కు సామాన్ల కొట్టుకి వెళ్లి అదే మోడలుది చేత్తో వేసే గేర్‌బాక్సూ, పెడళ్లూ, బెల్ హౌసింగూ వెతికి తెచ్చాను.

బెల్ హౌసింగంటే ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య బిగించే తొడుగు. అడుగున పెద్ద చిల్లు ఉన్న లోతైన గిన్నెలా ఉంటుంది. ఆ కొట్టులో సామానంతా గుట్టలు గుట్టలుగా వర్షంలో నానుతుంటే, ఇదొక్కటి మాత్రం ఒక మూల గట్టు మీద, బోర్లా, పైన రాయి పెట్టి ఉంది. "బిగించేదాకా బోర్లానే ఉంచండి" అన్నాడు కొట్టతను. ఎందుకని అడిగితే "దుమ్ము పడుతుంది" అన్నాడు. తుక్కు కొట్టులో దుమ్ము గురించి దిగులుపడే మనిషిని అప్పుడే చూశాను. షెడ్డుకి తెచ్చి మామూలుగా వెల్లకిలా పడేశాను. వారం రోజులు అలాగే ఉంది.

ఇప్పుడు మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. హౌసింగ్‌కి ఉన్న ఆ చిల్లు ఇంజను నడిమి ఇరుసుకి సరిగ్గా ఎదురుగా కూర్చోవాలి. తలవెంట్రుక మందం పక్కకి జరిగినా కొత్త గేర్‌బాక్సు మొదట మూలుగుతుంది, తర్వాత గేర్లు జారిపోతాయి, ఏడాది తిరక్కుండా పాడైపోతుంది. అందుకని ఇరుసు చివర ఉండే పళ్ల చక్రం మీద, అంటే ఫ్లైవీల్ మీద, అయస్కాంతం పీటతో ఒక డయల్ గేజ్ నిలబెడతాం. దాని మొన చిల్లు అంచుని తాకుతూ ఉంటుంది. కారు ముందువైపు ఒకరు నిలబడి పొడుగు పానాతో ఇరుసు తిప్పితే, ఫ్లైవీల్‌తో పాటు గేజ్ కూడా చిల్లంతా చుట్టి వస్తుంది. గుంతలో ఉన్న మనిషి ఎక్కడెక్కడ ముల్లు ఎంత కదిలిందో చదవాలి. మొత్తం చుట్టులో తేడా పది గీతలు దాటకూడదు.

గుంతలో ఉన్న మనిషి మధ్యమధ్యలో ఆ చిల్లులోకి చెయ్యి పెట్టి గేజ్ సర్దాలి. పైనున్నవాడికి గుంత కనపడదు. పానా పొడవు రెండడుగులు. దాని మీద కాస్త బరువు వేస్తే చాలు, ఫ్లైవీల్ పళ్లకీ హౌసింగ్ గోడకీ మధ్య వేలు ఉంటే ఆ వేలు ఇక ఉండదు. ఇది నాకు పుస్తకాల్లో చదివితే తెలియలేదు. పంతొమ్మిదేళ్లప్పుడు, ఎదిగాననే పొగరుతో, అన్నయ్య లోపల గేజ్ సర్దుతుండగానే అయిపోయిందనుకుని తిప్పేశాను. ఆయన ఎడమ చేతి ఉంగరం వేలు సగానికి పోయింది. ఆయన అరవలేదు, తిట్టలేదు. గుడ్డ చుట్టుకుంటూ "ఇకనుంచి చెప్పుకుని చేద్దాంరా" అన్నాడంతే. కొట్టి ఉంటే ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి.

అప్పట్నుంచి మా షెడ్డులో ఒకటే పద్ధతి. కిందున్నవాళ్లు "చెయ్యి తీశా" అనాలి. పైనున్నవాళ్లు "తిప్పుతున్నా" అని జవాబు చెప్పి అప్పుడు తిప్పాలి. కిందున్నవాళ్ల చేతులు పైనున్నవాడి పూచీ అనేవాడు అన్నయ్య. ఇప్పుడు కిందున్నది వదిన. ఆ ఇంట్లో ఒక వేలు ఇప్పటికే నా పుణ్యాన పోయింది. ఆమెకి గోరు చిట్లినా నేను తల ఎత్తుకుని తిరగలేను. ఇది ఆమెతో ఎప్పుడూ అనలేదు. అంటే "నా వేళ్లకి నువ్వు కాపలా ఏంటి" అని నవ్వుతుంది.

సరే. హౌసింగ్ బిగించాం, గేజ్ నిలబెట్టాం. వదిన గుంతలో చిన్న పీట వేసుకుని కూర్చుంది.

"చెయ్యి తీశా."

"తిప్పుతున్నా."

"పైన సున్నా... కుడి పధ్నాలుగు... కింద ముప్పై ఆరు... ఎడమ ఇరవై రెండు."

అంటే తేడా ముప్పై ఆరు గీతలు, కిందికి ఒరిగి ఉంది. వేరే ఇంజను మీద పుట్టిన హౌసింగ్ కాబట్టి ఆ మాత్రం ఊహించిందే. దీనికి మందు ఉంది. హౌసింగ్‌ని ఇంజను మీద నిలిపే రెండు పిన్నులు తీసేసి, సగం ఒళ్లు పక్కకి జరిగి ఉండే పిన్నులు వెయ్యాలి. వదిన వాటిని వంకర పిన్నులంటుంది. వాటిని ఎటు తిప్పితే హౌసింగ్ అటు జరుగుతుంది. గంటసేపు కష్టపడి విప్పి, పిన్నులు మార్చి, మళ్లీ బిగించాం. ఈసారి వదిన పీట కుడి పక్కకి వేసుకుంది.

"ఎడమ సున్నా... పైన పద్దెనిమిది... కుడి..." వదిన ఆగింది. "కుడి ముప్పై ఆరు. మళ్లీ అంతే. కాకపోతే ఇప్పుడు కుడి పక్కకి ఒరిగింది."

బోల్టులు సరిగ్గా కూర్చోలేదేమో అనుకుని అన్నీ వదులు చేసి, ఎదురెదురువి వరసగా బిగించాను. ఈలోపు వదినకి మెడ పట్టేసి పీట గుంతలో ఎడమ పక్కకి జరుపుకుంది.

"ఎడమ ముప్పై ఆరు" అంది.

నేను కారు ముందునుంచి గట్టిగా నవ్వాను. "వదినా, నువ్వెటు కూర్చుంటే అటే ఒరుగుతోంది. నీ మీద మనసు పడినట్టుంది."

"చూసి చూసి నాకు తుక్కు కొట్టు సంబంధమా తెచ్చావు!" అంది కిందనుంచి. చిల్లు దగ్గర మాట్లాడితే గొంతు ఆ లోహంలో తిరిగి డబ్బాలోంచి వచ్చినట్టు వస్తుంది. అది మాకు అలవాటే. "ఉండు, మళ్లీ కుడి పక్కకి వెళ్తా. బోల్టులు ముట్టుకోకు. ఊరికే తిప్పు."

పీట జరిపిన చప్పుడు. "చెయ్యి తీశా."

"తిప్పుతున్నా."

కుడి పక్కకి వచ్చేసరికి టార్చి ఆర్పి మళ్లీ వేసిన చప్పుడు వినిపించింది.

"ఎంత?"

"నువ్వే అన్నావుగా" అంది. "ముప్పై ఆరు."

ఆరు బోల్టులూ బిగించి ఉన్నాయి. హౌసింగ్‌కీ ఇంజనుకీ మధ్య దారం కూడా దూరదు. అలాంటి హౌసింగ్ మనిషిని బట్టి ఇటూ అటూ జరగడమనేది ఉండదు. నేను మరి నవ్వలేదు. గేజ్ పాడై ఉంటుందన్నాను. వదిన వాళ్ల నాన్నగారి గేజ్ అది, ఆయన చేత్తో బాగుచేసుకుని వాడిన వస్తువు. దాన్ని ఎవరైనా మాటంటే వదిన ఊరుకోదు. అప్పుడు మాత్రం ఊరుకుంది.

"మరిదీ... పానా కదుపుతున్నావా?"

"లేదు. పక్కన పెట్టేశాను."

"ఒక్కసారి ఇటు రా."

గొంతు తగ్గించి పిలిచింది. వెళ్లి గుంతలోకి దిగి ఆమె పక్కన కూర్చున్నాను. లోపల చల్లగా ఉంది. ఆయిలు వాసనలో ఇంకో వాసన కలిసింది. చాలాసేపు మూసి ఉంచిన నోటి వాసన. ఆమె టార్చి చిల్లులోకి వేసి పట్టుకుంది.

ముల్లు కదులుతోంది.

ఎవరూ దేన్నీ తిప్పట్లేదు. నాలుగు గీతలు మెల్లగా పైకి... ఒక్క క్షణం ఆగి... నాలుగు గీతలు మెల్లగా కిందికి. మళ్లీ పైకి... ఆగి... కిందికి.

రోడ్డు మీద లారీలు పోతుంటే ముల్లు వణకడం నాకు తెలుసు. ఇది వణుకు కాదు. నిద్రపోతున్న మనిషి పొట్ట మీద గేజ్ పెడితే ముల్లు ఎలా కదులుతుందో అలా ఉంది.

"మనదే అయి ఉంటుంది" అన్నాను గుసగుసగా. "మన ఊపిరి తగులుతోంది దానికి. ఆపి చూద్దాం."

ఇద్దరం ఊపిరి బిగపట్టాం.

ముల్లు ఆగింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. చూశావా అన్నట్టు వదిన వైపు తిరిగాను. ఆమె ముల్లు మీదనుంచి కళ్లు తియ్యలేదు. ఇరవై లెక్కపెట్టాను... ముప్పై... ఇక ఆగలేక ఊపిరి వదిలేశాను. ఆమె కూడా వదిలింది. ముల్లు అలాగే ఉంది. మేం రెండుసార్లు పీల్చి వదిలాం. మూడోసారి పీల్చాం. అది మాత్రం కదల్లేదు.

అప్పుడు... చాలా మెల్లగా... నాలుగు గీతలు కిందికి దిగింది.

అది మా ఊపిరి కాదు. మేం ఆపామని అది కూడా ఆపింది. మాకంటే ఎక్కువసేపు ఆపింది.

"పైకి పోదాం" అన్నాను. "వదినా, లే. రేపు చూద్దాం."

వదిన లేవలేదు. ఆమె ముఖంలో భయం ఉంది. కానీ భయం ఒక్కటే లేదు. అది చూసి నాకు ఎక్కువ భయమేసింది. "మీ అన్నయ్య ఇంతే" అంది. "నేను మెలకువగా ఉన్నానేమోనని రాత్రి ఊపిరి బిగపట్టి వినేవాడు. నేను నిద్రపోతేనే ఆయన పక్కకి తిరిగి పడుకునేవాడు."

"అన్నయ్యకి తుక్కు కొట్టులో ఏం పని?"

కాసేపటికి తనే కళ్లు తుడుచుకుని మామూలు మనిషైంది. "సరే పద. గేజ్ తీసుకుని వస్తాను. అది మాత్రం ఈ లోపల వదలను."

గేజ్ పైభాగాన ఆగి ఉంది. అక్కడ దాని పీట ఊడదీయడం కుదరదు. సగం చుట్టు తిప్పి కిందికి తేవాలి. ఒక్క సగం చుట్టు. దాని మొన అంచుకి అడ్డం పడకుండా తను లోపలికి చెయ్యి పెట్టి వెనక్కి నొక్కుతానంది. నొక్కి, చెయ్యి తీసి, చెప్తానంది. ఎప్పుడూ చేసే పనే. నేను గుంత ఎక్కి ముందుకి వెళ్లి పానా అందుకున్నాను. ఎందుకు వెళ్లానని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. అప్పుడు ఒకటే తొందర. ఆ గేజ్ తీసుకుని ఆమె బయటికి వచ్చేస్తే చాలు.

షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. ఎదురు మేడ మీద దుప్పటి దులిపిన చప్పుడు ఒకసారి వినిపించింది.

"చెయ్యి తీశా."

"తిప్పుతున్నా" అని పానా మీద బరువు వేశాను.

కదల్లేదు.

స్పార్క్ ప్లగ్గులన్నీ ఊడదీసి పెట్టాం. ఒక్క చేత్తో తిప్పితే తిరిగే ఇరుసు. అంతకుముందు నాలుగుసార్లు తిరిగింది కూడా. ఇప్పుడు గోడని తోస్తున్నట్టుంది. రెండు చేతులూ వేశాను. వెంట్రుకవాసి కూడా జరగలేదు.

"తిప్పు" అంది వదిన. "చెయ్యి తీశా అన్నానుగా."

"పట్టేసింది వదినా."

"గట్టిగా తిప్పు."

పానాకి తొడిగే ఇనుప గొట్టం ఒకటి గోడకి ఆనించి ఉంటుంది. అది తొడిగితే మూడింతల బలం. తీసుకుని తొడిగాను. కాళ్లు నిలదొక్కుకున్నాను. మొత్తం ఒళ్లు దాని మీద వెయ్యబోతుండగా... ఆ గొంతు వెనకనుంచి ఇంకో గొంతు వినిపించింది. చాలా నెమ్మదిగా. ఎండిపోయిన గొంతు.

"మరిదీ... తిప్పకు... చెయ్యి వదలట్లేదు..."

"తీశా. తిప్పు."

"తిప్పకు..."

"తిప్పు."

రెండూ వదిన గొంతులే. రెండూ ఆ చిల్లులోంచే వస్తున్నాయి. రెండూ డబ్బాలోంచి వచ్చినట్టే ఉన్నాయి. ఏది ఎవరిదో తేల్చుకునేంత తెలివి నాకు ఆ క్షణంలో లేదు. ఒకటే తోచింది. తిప్పకపోతే ఎవరి వేలూ పోదు.

గొట్టం వదిలేశాను. అది నేల మీద పడిన మోతకి కారు అంతా గంటలా మోగింది. ఆ మోతలోనే "తిప్పు, తిప్పు, తిప్పు, తిప్పు" అని వినిపిస్తూనే ఉంది. ఒకదాని మీద ఒకటి, వేగంగా, గొంతు లావవుతూ... చివరికి వచ్చేసరికి అది వదిన గొంతు కాదు. ఆడ గొంతూ కాదు, మగ గొంతూ కాదు.

గుంతలోకి దూకాను. మోకాలి చిప్పకి అప్పుడు తగిలిన దెబ్బ ఇప్పటికీ తగ్గలేదు. వదిన కుడి చెయ్యి మోచేతి దాకా లోపల ఉంది. ముఖం హౌసింగ్‌కి ఆనుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఆమె నడుం పట్టుకుని వెనక్కి లాగాను. రాలేదు. మళ్లీ లాగాను. మూడోసారి లోపల ఏదో విసుగ్గా వదిలేసినట్టు వదిలింది. ఇద్దరం వెనక గోడకి వెళ్లి పడ్డాం.

షట్టరు కిందనుంచి పాక్కుంటూ బయటికి వచ్చి ఎండలో కూర్చున్నాం. ముందు ఆమె వేళ్లు లెక్కపెట్టాను. అయిదు. రెండోసారి లెక్కపెట్టాను. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చేశాను. దాచుకునేదేముంది. ఎదురు మేడ మీదావిడ దుప్పటి పట్టుకుని "ఏమైందండీ?" అని అడిగింది. "ఏం లేదమ్మా, ఉక్కపోత" అంది వదిన. ఆమె మణికట్టు చుట్టూ అయిదు వేళ్ల అచ్చులు, ఒకటి బొటనవేలు, నాలుగు మిగతావి, కందిపోయి నల్లగా ఉన్నాయి.

ఆవిడ లోపలికి వెళ్లాక మెల్లగా అన్నాను, "వదినా, పట్టుకున్నది అన్నయ్య కాదు."

"తెలుసు" అంది. "పట్టుకోగానే వేళ్లు తడిమి చూశా. అయిదూ నిండుగా ఉన్నాయి."

చొక్కా చెయ్యి మణికట్టు మీదకి లాక్కుంది.

"ఇంకో చెయ్యి కూడా ఉంది లోపల" అంది. "అది నన్ను పట్టుకోలేదు. ఫ్లైవీల్ పళ్లని పట్టుకుని ఉంది. నీ పానాకి ఎదురు."

"అది ఎవరిది?"

వదిన ఎడమ చెయ్యి ఎత్తి, ఉంగరం వేలు సగానికి మడిచి నాకు చూపించింది.

మర్నాడు ఇద్దరు తెలిసిన మెకానిక్కులని పిలిచి, కారణం చెప్పకుండా ఆ హౌసింగ్ విప్పించాను. గేజ్ చెక్కుచెదరలేదు. హౌసింగ్‌ని తీసుకెళ్లి తుక్కు కొట్టులో దించాను. కొట్టతను నన్నేమీ అడగలేదు. దాన్ని తీసుకుని ఆ మూల గట్టు మీదే బోర్లించి పైన రాయి పెట్టాడు. "ఎన్నాళ్లు వెల్లకిలా ఉంచారు?" అని మాత్రం అడిగాడు. వారం అన్నాను. అతను తల ఊపి వేరే బేరం చూసుకోడానికి వెళ్లిపోయాడు.

ఇంకో హౌసింగ్ దొరకడానికి రెండు నెలలు పట్టింది. అది మొదటిసారే ఏడు గీతల్లో కూర్చుంది. మేడం కారు ఇప్పుడు వెన్నలా నడుస్తోందట. గేరు వేస్తే వేశానని తెలుస్తోందని ఫోన్ చేసి మరీ చెప్పింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

పోయిన నెల వేరే ఎవరిదో వ్యాను. కొత్త హౌసింగ్. వదిన గుంతలో, నేను ముందు. "చెయ్యి తీశా" అని వినిపించింది. ఆ ఆదివారం తర్వాత నేను మాట మీద తిప్పడం మానేశాను. వెళ్లి, వంగి, కళ్లారా చూసి వచ్చాకే పానా ముట్టుకుంటాను. అలాగే వెళ్లి వంగి చూశాను. వదిన చేతులు రెండూ బయటే ఉన్నాయి, గుడ్డతో తుడుచుకుంటోంది. నోట్లో రెండు వంకర పిన్నులు అడ్డంగా పట్టుకుని ఉంది. పిన్నులు తీసి "ఏంటి, ఇంకా నేను చెప్పందే వచ్చావు?" అంది.

చెప్పాను. ఆమె ముఖం విప్పారింది. "ఆయనే" అంది.

"అన్నయ్యయితే తన గొంతుతో చెప్తాడు కదా, నీ గొంతెందుకు?"

"ఆయన ఏ రోజు తన గొంతుతో చెప్పాడు? పెళ్లయినప్పట్నుంచి అందరికీ అన్నీ నాతోనే చెప్పించేవాడు."

ఆ మాట నిజమే. ఆ ఆదివారం లోపల రెండు చేతులున్నాయి. ఒకటి హౌసింగ్‌తో వెళ్లిపోయింది, ఒకటి మా దగ్గర ఉండిపోయింది. ఏది వెళ్లిందో, ఏది ఉండిపోయిందో ఆమెకి అనుమానం లేదు. ఈమధ్య గుంతలోకి దిగేటప్పుడు తల దువ్వుకుంటోంది.

తర్వాత ఇంకా చాలాసార్లు, వదిన అనకుండానే, ఆ మాట వినిపించింది. ప్రతిసారీ వెళ్లి చూశాను. ప్రతిసారీ ఆమె చేతులు బయటే ఉన్నాయి. ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. నమ్మకం కుదిరేదాకా అబద్ధాలకోరు కూడా నిజమే చెప్తాడని నాకు తెలుసు. కానీ ఒక్కో బండికి పాతిక ముప్పైసార్లు లేవడం, నడవడం, వంగడం. మోకాలు సహకరించట్లేదు. వదిన కూడా విసుక్కుంటోంది, "నీ వంగుళ్లతో రోజుకి ఒక్క బండి కూడా అవట్లేదు" అని.

నిన్న మాత్రం నొప్పి ఎక్కువగా ఉండి వంగి చూడలేదు. "చెయ్యి తీశా" అని వినపడింది, "తిప్పుతున్నా" అని తిప్పేశాను. ఏమీ కాలేదు.

ఇవాళ కూడా చూడలేదు.